నెవ్‌స్కీ కాంటాటా పాడబోయే పిల్లలకు

పిల్లలూ,

రష్యన్ స్వరకర్త ప్రొకోఫియెవ్ రాసిన ‘అలెగ్జాండర్ నెవ్‌స్కీ’ని సినిమా పాటల మూటగా అనుకోకండి. నెవ్‌స్కీ అంటే, దండెత్తి వచ్చిన ట్యూటన్ యోధుల్ని (జర్మన్ క్రూసేడర్లని) ఓడించిన రష్యన్ రాజు. 1938లో ఐజెన్‌స్టైన్ తీసిన సినిమాకి సంగీతం ఇచ్చింది ఆయనే. ఆ సంగీతాన్ని కాంటాటాగా, అంటే బృందగానం, వాద్యబృందం కలిసి వేదిక మీద వినిపించే రచనగా, మలిచేటప్పుడు మాత్రం చాలా మటుకు తిరగరాశాడు. 1939 మే 17న మాస్కోలో తానే నిర్వహించి వినిపించాడు.

తిరగరాయడం ఎందుకంటే, సినిమాలో ఆయన మైకును కూడా ఒక వాద్యంలా వాడుకున్నాడు. ట్యూటన్ యోధుల బూరల్ని మైకులోకే ఊదించాడు, శబ్దం పగిలి చెవుల్ని కోయాలని. మెత్తగా పలికే బసూన్‌ని మైకు దగ్గర, గట్టిగా మోగే ట్రాంబోన్లను దూరంగా ఉంచితే బసూనే గట్టిగా వినిపిస్తుంది. హాల్లో ఆ కిటుకు చెల్లదు. ఏది పైకి వినబడాలి, ఏది అణగాలి అన్నది ఏ వాద్యానికి ఏ స్వరం ఇచ్చామన్న దాన్నిబట్టే తేలాలి.

మొత్తం ఏడు భాగాలు, నలభై నిమిషాలు. మొదటి దాంట్లో గొంతు ఉండదు. ఒకే రాగం బాగా పైన, బాగా కింద నడుస్తుంది, నడుమ ఏమీ లేదు. మంగోలుల చేతిలో పాడుబడ్డ నేల ఆ ఖాళీలోనే వినిపిస్తుంది. నాకు ఇదే అన్నిటికన్నా గొప్పగా తోస్తుంది.

మూడో భాగంలో మీరు ట్యూటన్ యోధులుగా లాటిన్ పాడాలి: ‘పెరెగ్రీనుస్ ఎక్స్‌పెక్తావి...’ ఆ మాటలకు పొంతనైన అర్థం లేదు, వెతక్కండి. భావం పలికించకుండా రాయిలా పాడండి. స్వరాలు పొడుగు కాబట్టి పక్కపక్క వాళ్ళు ఒకేసారి ఊపిరి తీస్తే పాట తెగుతుంది, వంతులు వేసుకోండి.

నాలుగోది, ‘వ్‌స్తవాయ్‌త్యె’ (రష్యన్‌లో ‘లేవండి’ అని), మన నోటికి కష్టం. మొదటి అక్షరం ‘ఫ్‌స్త’ అని పలుకుతుంది. ముందు ‘ఇ’ చేర్చారంటే తాళం వెనకబడినట్టే. హల్లులు స్వరానికి ముందే అయిపోవాలి, అచ్చు స్వరం మీద పడాలి. రాతలో ‘బొల్షోయ్’ ఉన్నా ‘బల్షోయ్’ అనాలి, ఒత్తు పడని ‘ఒ’ రష్యన్‌లో ‘అ’ అవుతుంది. ఆ మాట వచ్చే నడిమి చరణాన్ని ఆల్టోలు (కింది స్థాయి ఆడగొంతులు) ఎత్తుకుంటారు. అంతదాకా గట్టిగా పాడిన ఊపులో దాన్నీ అరిచేస్తారు చాలామంది. అది మెత్తని పాట.

అయిదోది మంచు గడ్డకట్టిన చుద్ సరస్సు మీద 1242 ఏప్రిల్ 5న జరిగిన యుద్ధం, సుమారు పన్నెండు నిమిషాలు. మీకు మళ్ళీ ఆ లాటినే. వాద్యాలతో పోటీపడి గొంతు చించుకోవద్దు, మాటలు స్పష్టంగా కొట్టినట్టు పలికితే చాలు.

ఆరోదానిలో మెజో సొప్రానో (మధ్యస్థాయి ఆడగొంతు) గాయని ఒక్కతే పాడుతుంది: అందగాణ్ణి పెళ్ళాడను, అందం నిలవదు, వీరుణ్ణే చేసుకుంటాను అని. అప్పుడు కాయితాలు తిప్పకండి, చిన్న చప్పుడు కూడా హాలంతా వినిపిస్తుంది. ఆ తర్వాత ఏడోదానిలో, రెండో భాగంలో మీరు పాడిన నెవ్‌స్కీ పాటే పెద్దగా, విశాలంగా తిరిగొస్తుంది. గొంతు దానికి దాచుకోండి.

ప్రేమతో,
తాతయ్య