రిఫరీ నిబంధన తప్పితే కోచ్ ఏం చేయాలి? కొన్ని అపోహలు, వాస్తవాలు

మన పాఠశాల, జిల్లా స్థాయి బాస్కెట్‌బాల్ పోటీలకు అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య (ఫిబా) నిబంధనలే ప్రమాణం. అయినా రిఫరీల పొరపాట్ల విషయంలో పిల్లల జట్ల కోచ్‌లం నమ్మే మాటలు కొన్ని ఆ నిబంధనలకే విరుద్ధంగా ఉంటాయి.

అపోహ: విజిల్ మోగాక ఏ నిర్ణయమూ మారదు.

వాస్తవం: ఒక తాకిడి ఫౌల్ అవునా కాదా అన్నది రిఫరీ కంటి అంచనా, దానిపై వాదించి ప్రయోజనం లేదు. నిబంధనను వర్తింపజేయడంలో జరిగే పొరపాటు వేరు. రావలసిన ఫ్రీ త్రోలు (ఎవరూ అడ్డుకోకుండా వేసే ఒక్కో పాయింటు షాట్లు) ఇవ్వకపోవడం, రానివి ఇవ్వడం, ఒకరికి బదులు మరొకరి చేత వేయించడం, పాయింట్లను పొరపాటున ఇవ్వడం లేదా రద్దు చేయడం వంటివాటిని 44వ నిబంధన ప్రకారం సరిదిద్దవచ్చు. ఉదాహరణకు బంతి మన ఆధీనంలో ఉండగా, ప్రత్యర్థి జట్టు ఆ క్వార్టర్‌లో తన ఐదో టీమ్ ఫౌల్ (జట్టంతటి ఫౌల్స్ కలిపిన లెక్క) చేసింది. అప్పుడు రావలసిన రెండు ఫ్రీ త్రోలకు బదులు రిఫరీ థ్రో-ఇన్ (గీత బయటి నుంచి బంతి అందించే అవకాశం) ఇచ్చారనుకుందాం. గడియారం మళ్లీ నడిచాక వచ్చే మొదటి డెడ్ బాల్ (ఆట ఆగిన సందర్భం) తర్వాత, బంతి తిరిగి లైవ్ అయ్యేలోపే, అంటే ఆటలోకి వచ్చేలోపే, దీన్ని గుర్తించాలి. అలా పొరపాటున దక్కిన థ్రో-ఇన్‌తో మన జట్టే బాస్కెట్ చేస్తే ఆ పొరపాటును ఇక లెక్కలోకి తీసుకోరు. ఇంత తక్కువ గడువులో కేకలకు వెచ్చించే ప్రతి క్షణమూ నష్టమే. గడియారం ఆగగానే, “సర్, ఈ క్వార్టర్‌లో వాళ్లకిది ఎన్నో టీమ్ ఫౌల్?” అని అడిగితే చాలు, రిఫరీ స్కోరు, సమయం లెక్క చూసే అధికారుల టేబుల్ వైపు చూస్తారు. నిందలో లేని వెసులుబాటు ప్రశ్నలో ఉంది: తన తప్పును తానే దిద్దుకున్న గౌరవం రిఫరీకి దక్కుతుంది.

అపోహ: బెంచ్ అంతా కలిసి అడిగితే బలం.

వాస్తవం: బంతి డెడ్ అయి, గడియారం ఆగినప్పుడు హెడ్ కోచ్, కెప్టెన్ మాత్రమే మర్యాదగా వివరం అడగవచ్చు. అసిస్టెంట్ కోచ్ రిఫరీలతో మాట్లాడకూడదు. హద్దు మీరితే టెక్నికల్ ఫౌల్ (ప్రవర్తన తప్పినందుకు పడేది), ప్రత్యర్థికి ఒక ఫ్రీ త్రో. హెడ్ కోచ్ సొంత ప్రవర్తనకు అలాంటివి రెండు పడితే కోర్టు విడిచి వెళ్లాల్సిందే.

అపోహ: టీవీలో చూసినదానికి భిన్నంగా ఉంటే రిఫరీదే తప్పు.

వాస్తవం: రక్షణ ఆటగాడు రింగు కింద మూడు సెకన్లకు మించి నిలబడ్డాడన్న ఫిర్యాదు తరచూ వినిపిస్తుంది, అది అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ నిబంధన, ఫిబాలో లేదు. బంతి పట్టుకున్న ఆటగాడు చేతులతో సైగ చేసి టైమ్ అవుట్ కోరడమూ అంతే. ఫిబా ఆటలో కోచ్ లేదా అసిస్టెంట్ కోచ్ టేబుల్ దగ్గర కోరితేనే అది లభిస్తుంది.

అపోహ: ఓడిపోయాక ప్రొటెస్ట్ (అధికారిక అభ్యంతరం) వేసి ఫలితం మార్చుకోవచ్చు.

వాస్తవం: రిఫరీ అంచనా మీద ప్రొటెస్ట్ చెల్లదు. సరిదిద్దని స్కోరు, గడియారం పొరపాట్లు, ఆటగాళ్ల అర్హత వంటి కొద్ది కారణాలకే అది పరిమితం. ఆట ముగిసిన 15 నిమిషాల్లోగా ప్రధాన రిఫరీకి తెలపాలి. అయితే స్కోరు, ఫౌల్స్ లెక్కలో దొర్లిన తప్పును ఆయన స్కోర్ షీట్‌పై సంతకం చేసేలోపు ఎప్పుడైనా దిద్దవచ్చు. అందుకే బెంచ్‌పై ఒకరికి కాగితం, పెన్ను ఇచ్చి రెండు జట్ల ఫౌల్స్‌నూ రాయించి, ప్రతి క్వార్టర్ చివర టేబుల్ లెక్కతో సరిచూసుకోవాలి.