లినక్స్ సర్వర్‌లో డిస్కుల పేర్లు: అపోహలు – వాస్తవాలు

లినక్స్ సర్వర్ల నిర్వహణలోకి కొత్తగా వచ్చినవారు ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అన్న మాటలను డిస్కుల పేర్లుగానే నేర్చుకుంటారు. ఒకే డిస్కు ఉన్న యంత్రం మీద అవి నిజంగా పేర్లలాగే నడుచుకుంటాయి కనుక అనుమానించే అవసరం రాదు. డిస్కులు నాలుగైదు అయ్యాక, రెండో కంట్రోలరు చేరాక, లేదా నిల్వ మొత్తం నెట్‌వర్క్ అవతలి నుంచి రావడం మొదలయ్యాక ఆ నమ్మకం ఏదో ఒక రీబూట్‌లో వమ్మవుతుంది. నా దృష్టిలో ఈ గందరగోళానికి మూలం ఒకటే: డిస్కు కెర్నెల్‌కు (లినక్స్ మూల భాగానికి) కనిపించిన వరుస, అది కూర్చున్న చోటు, ఆ వస్తువు, దాని మీద రాసి ఉన్న సమాచారం అనే నాలుగు వేర్వేరు సంగతులను మనం ‘పేరు’ అన్న ఒకే మాటతో పిలుస్తున్నాం.

అపోహ: ఎస్‌డీఏ అంటే మదర్‌బోర్డు మొదటి పోర్టుకు తగిలించిన డిస్కు.

ఇది గాలిలోంచి పుట్టిన నమ్మకం కాదు. ఒకప్పుడు ఇలాంటిదే నిజం. పాత ఐడీఈ డిస్కుల కాలంలో మొదటి కేబులు మీది మాస్టర్ డిస్కు హెచ్‌డీఏ, అదే కేబులు మీది స్లేవ్ డిస్కు హెచ్‌డీబీ, రెండో కేబులు మీది మాస్టర్ హెచ్‌డీసీ అయ్యేవి. మధ్యలో ఒక డిస్కును తీసేసినా మిగిలిన వాటి అక్షరాలు జరిగేవి కావు. ఆ తరవాత ఐడీఈ డిస్కులు కూడా లిబాటా అనే కొత్త డ్రైవరు లైబ్రరీ ద్వారా స్కజీ పొరలోకి (ఎస్‌డీ పేర్లు ఇచ్చే కెర్నెల్ భాగంలోకి) వచ్చి ఎస్‌డీ వరుసలో చేరాయి. 2007లో వచ్చిన ఫెడోరా 7 అనే లినక్స్ పంపిణీ ఈ మార్పును చాలామందికి మొదటిసారి రుచి చూపించింది. పాత ఐడీఈ డ్రైవరును 2021లో కెర్నెల్ 5.14తో పూర్తిగా తొలగించారు. డ్రైవరు పోయినా దాని కాలపు అలవాటు మాత్రం మనల్ని వదలలేదు.

వాస్తవం: ఎస్‌డీ తరవాత వచ్చే అక్షరం కెర్నెల్‌లో డిస్కు నమోదైన వరుసను తప్ప మరి దేనినీ చెప్పదు. అది వరుసలో నిలబడిన వ్యక్తికి ఇచ్చిన టోకెన్ లాంటిది. రేపు అదే వ్యక్తి మళ్లీ వస్తే అదే టోకెన్ దొరుకుతుందన్న హామీ లేదు. అసలు వరుస కూడా స్థిరమైనది కాదు, ఎందుకంటే బూట్ త్వరగా ముగియడం కోసం ఇప్పటి కెర్నెళ్లు అనేక డిస్కులను ఏకకాలంలో పరిశీలిస్తాయి, ఏది ముందు జవాబిస్తే దానికి ముందు అక్షరం దక్కవచ్చు. తిరగడం మొదలుపెట్టడానికి రెండు సెకన్లు ఎక్కువ తీసుకునే ముసలి డిస్కు ఒకటి చాలు. యంత్రానికి తగిలించి మరిచిపోయిన యూఎస్‌బీ స్టిక్ కూడా ఎస్‌డీఏ కావచ్చు. ఎస్‌డీజెడ్ దగ్గర అక్షరాలు అయిపోతే ఇరవై ఏడో డిస్కు ఎస్‌డీఏఏ అవుతుంది, కాబట్టి ‘ఎస్‌డీ తరవాత ఒకే అక్షరం’ అనుకుని రాసిన స్క్రిప్టులు పెద్ద నిల్వ పెట్టెల మీద కొన్ని డిస్కులను చూడకుండానే వదిలేస్తాయి.

‘ఈ సర్వర్‌లో ఐదేళ్లుగా ఏమీ మారలేదు’ అనే వాదన కూడా తరచూ వింటుంటాను. హార్డ్‌వేరూ కెర్నెలూ ఐదేళ్లుగా మారలేదన్నది మాత్రమే దాని అర్థం. వీటన్నింటిలో నన్ను ఎక్కువగా భయపెట్టేది స్వయంచాలక ఇన్‌స్టలేషన్ ఫైళ్లలో ‘ఎస్‌డీఏను చెరిపి అక్కడ వ్యవస్థను పెట్టు’ అని రాయడం. ఆ రోజు డేటా డిస్కు ముందుగా జవాబిస్తే, ఇన్‌స్టాలర్ చెప్పిన పని చెప్పినట్టే చేస్తుంది. కిక్‌స్టార్ట్ అనే అలాంటి ఫైలులో అక్షరానికి బదులు బై-ఐడీ మార్గాన్ని (డిస్కు సీరియల్ సంఖ్యతో ఏర్పడే పేరును) రాయడానికి వీలుంది. ఆ వీలును వాడుకోకపోవడానికి బద్ధకం తప్ప వేరే కారణం నాకు కనిపించదు.

అపోహ: యూడెవ్ (పరికరాలు కనిపించినప్పుడు వాటికి లింకులు పెట్టే సేవ) నియమం ఒకటి రాస్తే ఎస్‌డీబీని ఎస్‌డీఏగా మార్చుకోవచ్చు.

వాస్తవం: మార్చలేం. యూడెవ్ నియమాలలో పేరు మార్చే ఆదేశం నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్‌లకు మాత్రమే పనిచేస్తుంది. డిస్కులకు కెర్నెల్ ఇచ్చిన పేరు అలాగే ఉంటుంది, దాని పక్కన అదనపు సింబాలిక్ లింకులు మాత్రమే పెట్టగలం. 2003లో గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ తదితరులు యూడెవ్‌ను తెచ్చినప్పుడే పేర్ల విధానాన్ని కెర్నెల్ బయట నిర్ణయించాలన్నది ప్రధాన ఆలోచన, దానికి ముందు ఆ పనిని కెర్నెల్ లోపలే చేసిన డెవ్‌ఎఫ్‌ఎస్‌ను 2006లో కెర్నెల్ 2.6.18 నుంచి తీసేశారు. డెవ్ డైరెక్టరీలోని డిస్క్ అనే ఉపడైరెక్టరీలో కనిపించే బై-ఐడీ, బై-పాత్, బై-యూయూఐడీ, బై-లేబుల్, బై-పార్ట్‌యూయూఐడీ లింకులన్నీ యూడెవ్ పెట్టినవే, చాలా సందర్భాలలో సొంత నియమం రాయాల్సిన పనే ఉండదు.

అపోహ: ఎఫ్‌ఎస్‌టాబ్‌లో (బూట్‌లో దేన్ని ఎక్కడ మౌంట్ చేయాలో చెప్పే ఫైలులో) యూయూఐడీ రాశాం కాబట్టి సమస్య తీరిపోయింది.

వాస్తవం: ఈ అపోహను కాస్త అనుభవం ఉన్నవారిలోనే ఎక్కువగా చూశాను, అందుకే దీని గురించి ఎక్కువ రాస్తున్నాను. ఎస్‌డీఏ కంటే యూయూఐడీ ఎంతో మేలన్నది నిజమే. అయితే యూయూఐడీ డిస్కుకు చెందినది కాదు, ఆ డిస్కు మీద ఉన్న ఫైల్‌సిస్టమ్‌ది. ఫైల్‌సిస్టమ్‌ను తయారుచేసేటప్పుడు పుట్టిన 128 బిట్ల సంఖ్య దాని సూపర్‌బ్లాకులో (ఫైల్‌సిస్టమ్ వివరాలుండే చోట) రాసి ఉంటుంది. అదే డిస్కును మళ్లీ ఫార్మాట్ చేస్తే పాత సంఖ్య పోయి కొత్తది వస్తుంది. స్వాప్ (మెమరీ చాలనప్పుడు వాడే) భాగాన్ని తిరిగి సృష్టించినా అంతే. అదే ఫైల్‌సిస్టమ్‌ను డీడీ ఆదేశంతో ఇంకో డిస్కుకు నకలు చేసినా, నిల్వ పరికరంలో స్నాప్‌షాట్ తీసి దాన్ని అదే సర్వర్‌కు చూపించినా, ఒకే యూయూఐడీ ఉన్న రెండు ఫైల్‌సిస్టమ్‌లు పక్కపక్కనే నిలుస్తాయి. బై-యూయూఐడీ లింకు ఒక్కటే కాబట్టి అది రెండింటిలో ఏదో ఒకదానినే చూపగలదు.

క్లౌడ్‌లో ఇది జరిగే తీరు ఇలా ఉంటుంది. ఒక వర్చువల్ యంత్రం బూట్ కాకపోతే దాని రూట్ డిస్కును (వ్యవస్థ ఉన్న డిస్కును) విప్పి, అదే ఇమేజ్ నుంచి పుట్టిన మరో యంత్రానికి తగిలించి బాగు చేయాలనుకుంటాం. ఇమేజ్ ఒకటే కావడంతో రెండు రూట్ ఫైల్‌సిస్టమ్‌ల యూయూఐడీలూ ఒకటే. ఫైల్‌సిస్టమ్ రకం ఎక్స్‌ఎఫ్‌ఎస్ అయితే రెండోదాన్ని మౌంట్ చేయడానికి నిరాకరిస్తుంది, తాత్కాలికంగా నోయూయూఐడీ ఎంపికతో మౌంట్ చేయవచ్చు. ఈఎక్స్‌టీ4 అయితే ఏ అభ్యంతరమూ చెప్పకుండా మౌంట్ అవుతుంది. ఆ డిస్కును విప్పకుండా సహాయక యంత్రాన్ని రీబూట్ చేస్తే, అది పాడైన డిస్కునే తన రూట్‌గా ఎంచుకోవచ్చు. నకలును శాశ్వతంగా ఉంచుకోవాలంటే ఈఎక్స్‌టీ4కు ట్యూన్2ఎఫ్‌ఎస్‌తో, ఎక్స్‌ఎఫ్‌ఎస్‌కు ఎక్స్‌ఎఫ్‌ఎస్-అడ్మిన్‌తో కొత్త యూయూఐడీ ఇవ్వాలి. ఎల్‌వీఎం (డిస్కులను కలిపి భాగాలుగా పంచే పొర) నకళ్లకు వీజీఇంపోర్ట్‌క్లోన్ అనే ఆదేశం ఉంది. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం: బ్లాకు స్థాయిలో తీసిన నకలును అసలుతోపాటు ఒకే యంత్రానికి చూపిస్తే డేటా పాడయ్యే ప్రమాదం ఉంది.

ఇక్కడే మరో చిన్న సంగతి. కెర్నెల్ ఆదేశవరుసలో రూట్‌ను ఫైల్‌సిస్టమ్ యూయూఐడీతో చూపాలంటే ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో మెమరీలో నడిచే చిన్న వ్యవస్థ) తప్పనిసరి, ఎందుకంటే కెర్నెల్ తనంతట తాను ఫైల్‌సిస్టమ్ యూయూఐడీలను వెతకదు. పార్టిషన్ పట్టికలో ఉండే పార్ట్‌యూయూఐడీని మాత్రం అది నేరుగా అర్థం చేసుకుంటుంది.

అపోహ: బై-ఐడీ, బై-పాత్ రెండూ ఒకటే, ఏది వాడినా ఫరవాలేదు.

వాస్తవం: బై-ఐడీ వస్తువును గుర్తిస్తుంది, బై-పాత్ చోటును గుర్తిస్తుంది. డిస్కు సీరియల్ సంఖ్య, తయారీదారు ఇచ్చిన డబ్ల్యూడబ్ల్యూఎన్ (ఆ డిస్కుకు ప్రత్యేకమైన సంఖ్య) మొదలైన వాటితో బై-ఐడీ లింకు తయారవుతుంది కాబట్టి డిస్కును ఏ స్లాట్‌లోకి మార్చినా అది వెంటే వెళుతుంది. బై-పాత్ పీసీఐ చిరునామా (కంట్రోలరు కార్డు కూర్చున్న చోటు) మీద, పోర్టు సంఖ్య మీద ఆధారపడుతుంది. మూడో స్లాట్‌లో ఏ డిస్కు పెట్టినా దానికి ఫలానా పని జరగాలి అనుకున్నప్పుడు అదే సరైనది. అదనపు కార్డు ఒకటి పెట్టగానే పీసీఐ సంఖ్యలు జరిగిపోయినప్పుడు అదే తలనొప్పి. ఐస్కజీ (నెట్‌వర్క్ మీదుగా వచ్చే) డిస్కుల బై-పాత్ లింకులో టార్గెట్ (నిల్వను అందించే సర్వర్) ఐపీ చిరునామా కూడా ఉంటుంది కనుక, నెట్‌వర్క్ బృందం చిరునామా మారిస్తే లింకు పేరూ మారుతుంది. వర్చువల్ యంత్రాలలో సీరియల్ సంఖ్య దానంతట అదే రాదు: వర్ట్‌ఐఓ డిస్కుకు మనమే సీరియల్ ఇవ్వాలి, అది 20 అక్షరాలకు మించకూడదు.

అపోహ: ఎన్‌వీఎంఈ (పీసీఐ మీద నేరుగా నడిచే ఎస్‌ఎస్‌డీ) డిస్కుల పేర్లలో అంకెలున్నాయి కాబట్టి అవి స్థిరం.

వాస్తవం: అవీ కనిపించిన వరుసలో ఇచ్చిన అంకెలే. పైగా నేటివ్ మల్టీపాత్ (ఒకే డిస్కుకు అనేక దారులు) ఉన్నచోట ఎన్‌వీఎంఈ0ఎన్1 అనే డిస్కు ఎన్‌వీఎంఈ0 అనే కంట్రోలరుకే చెందాలన్న నియమం కూడా లేదు.

అపోహ: పైన ఎల్‌వీఎం గానీ సాఫ్ట్‌వేర్ రెయిడ్ (అనేక డిస్కులను ఒకటిగా కలిపేది) గానీ ఉంటే డిస్కుల పేర్లతో మనకు పనిలేదు.

వాస్తవం: సగం నిజం. ఎల్‌వీఎం, ఎండీ (లినక్స్ సాఫ్ట్‌వేర్) రెయిడ్, జెడ్‌ఎఫ్‌ఎస్ మూడూ డిస్కుల మీద తాము రాసుకున్న గుర్తులను చదువుకుని సభ్యులను వెతుక్కుంటాయి, అక్షరాలు తారుమారైనా వాటికి పట్టింపు లేదు. అయితే ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ లోపలి ఆకృతీకరణ ఫైలులో వివరాలు లేని రెయిడ్ తరచూ ఎండీ127 అన్న పేరుతో లేస్తుంది, ఎండీ0 అని రాసి ఉంచినవన్నీ అప్పుడు విఫలమవుతాయి. మల్టీపాత్‌లో ఎంపాత్ఏ అన్న సులువైన పేరు కూడా ఆ ఒక్క యంత్రంలోని బైండింగ్స్ ఫైలు ఇచ్చినదే. క్లస్టర్‌లోని రెండో యంత్రంలో అదే పేరు వేరే డిస్కుది కావచ్చు.

అపోహ: లాగ్‌లో ఎస్‌డీసీ అని ఉంది, కాబట్టి ఎస్‌డీసీని తీసి మార్చాలి.

వాస్తవం: ఈ పొరపాటు నేను చేశాను. కెర్నెల్ లాగ్‌లో ఎస్‌డీసీ మీద వరుసగా చదువు దోషాలు కనిపించాయి, ఆ రాత్రే సర్వర్‌ను రీబూట్ చేశారు, మర్నాడు నేను ఎస్‌డీసీ సీరియల్ సంఖ్య చూసి, ఆ సంఖ్య ఉన్న డిస్కును బయటికి లాగాను. అది ఆరోగ్యంగా ఉన్న డిస్కు. దోషాలున్నది రీబూట్ తరవాత ఎస్‌డీడీ అయింది. రెయిడ్ 6 కావడం వల్ల రెండు డిస్కులు లేకున్నా డేటా నిలిచింది. రీబూట్ లేకపోయినా ఇలా జరగవచ్చు: మౌంట్ అయి ఉన్న డిస్కు బస్ (డిస్కును యంత్రంతో కలిపే మార్గం) మీది నుంచి జారిపోయి తిరిగి వస్తే, పాత అక్షరాన్ని ఇంకా ఎవరో పట్టుకుని ఉంటారు కనుక దానికి కొత్త అక్షరం దొరుకుతుంది.

లాగ్‌లోని అక్షరాన్ని ఆ బూట్ కాలపు లాగ్‌తోనే సీరియల్ సంఖ్యగా మార్చుకోవాలి. డిస్కుల ఆరోగ్యాన్ని గమనించే స్మార్ట్‌డీ సేవ మొదలయ్యేటప్పుడు తాను చూసిన ప్రతి డిస్కు అక్షరాన్నీ, మోడల్‌నూ, సీరియల్ సంఖ్యనూ ఒకే వరుసలో లాగ్‌లో రాస్తుంది. జర్నల్‌ను (వ్యవస్థ లాగ్‌ను) డిస్కు మీద దాచే అమరిక ఉంటే గత బూట్ వివరాలు అక్కడ దొరుకుతాయి. డిస్కుల జాబితా చూపే ఎల్‌ఎస్‌బీఎల్‌కే ఆదేశానికి సీరియల్, డబ్ల్యూడబ్ల్యూఎన్ నిలువు వరుసలను అడిగి తెచ్చిన జాబితాను నేను ప్రతి బూట్ తరవాతా తేదీతో సహా దాచే చిన్న సేవను అన్ని సర్వర్లలో పెట్టుకున్నాను. డిస్కు ట్రే ముందుభాగాన సీరియల్ సంఖ్య చివరి నాలుగు అక్షరాలు రాసిన కాగితం అతికించడం కూడా అప్పటి నుంచే మొదలుపెట్టాను.