స్టాటిక్ కన్‌స్ట్రక్టర్ ఎప్పుడు నడుస్తుంది?

క్లాసు అంటే ఆబ్జెక్టులను తయారుచేసే నమూనా; దాని స్టాటిక్ ఫీల్డులను, అంటే క్లాసంతటికీ ఉమ్మడిగా ఉండే విలువలను, సిద్ధం చేసే కోడే స్టాటిక్ కన్‌స్ట్రక్టర్. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో డాట్‌నెట్ (మైక్రోసాఫ్ట్ వారి ప్రోగ్రామింగ్ వేదిక) నేర్చుకున్నవారు ఈ ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెబుతారు: క్లాసు తొలి ఆబ్జెక్టు పుట్టకముందు, లేదా దాని స్టాటిక్ సభ్యుల్లో ఏదైనా తొలిసారి వాడకముందు, ఒకే ఒక్కసారి. జవాబు సరైనదే. అయితే కన్‌స్ట్రక్టర్‌ను మనమే రాసినప్పుడు మాత్రమే అది వర్తిస్తుంది. స్టాటిక్ ఫీల్డుకు ప్రకటనలోనే విలువ ఇచ్చి వదిలేస్తే నియమం వేరు. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో పాత కోడును కొత్త డాట్‌నెట్‌కు మారుస్తున్నవారు ముందుగా తెలుసుకోవలసిన తేడా ఇదే.

మరో ప్రోగ్రామింగ్ భాష జావా మొదటినుంచీ కచ్చితత్వాన్నే ఎంచుకుంది: తొలి వాడకం దగ్గరే క్లాసు సిద్ధం కావాలి. ఆ కచ్చితత్వానికి ఖర్చుంది. స్టాటిక్ ఫీల్డును తాకే ప్రతిచోటా 'ఇది సిద్ధమైందా?' అన్న తనిఖీ పడవచ్చు. లక్షలసార్లు తిరిగే లూపులో అది భారమే. అందుకే 2002లో వచ్చిన తొలి డాట్‌నెట్‌లో 'బిఫోర్‌ఫీల్డ్‌ఇనిట్' అనే ఫ్లాగ్ (క్లాసుకు తగిలించే గుర్తు) పెట్టారు. అది ఉన్న క్లాసు విషయంలో రన్‌టైమ్‌కు (ప్రోగ్రాంను నడిపించే వ్యవస్థకు) ఒకటే షరతు: స్టాటిక్ ఫీల్డును తొలిసారి తాకేలోగా విలువలిచ్చే పని పూర్తి కావాలి. ఎంత ముందుగా అన్నది దాని ఇష్టం. స్టాటిక్ కన్‌స్ట్రక్టర్ రాయకపోతే, డాట్‌నెట్ భాష సీ షార్ప్ కోడును అనువదించే కంపైలర్ ఈ ఫ్లాగ్ తగిలిస్తుంది. లోపల ఒక్క వాక్యం కూడా లేని ఖాళీ స్టాటిక్ కన్‌స్ట్రక్టర్ రాసినా ఆ ఫ్లాగ్ తగిలించదు. చూడటానికి పనికిరానిదిగా కనిపించే ఆ ఖాళీ బ్రాకెట్లను 'శుభ్రం' చేయబోయేవారు ఒక్క క్షణం ఆగాలి.

అసలు మలుపు 2010లో, డాట్‌నెట్ 4తో వచ్చింది. అంతకుముందు ఏదైనా మెథడ్‌లో (పేరుపెట్టి పిలిచే కోడు భాగంలో) ఆ ఫ్లాగ్ ఉన్న క్లాసు ఫీల్డు ప్రస్తావన ఉంటే, ఆ మెథడ్ మొదలయ్యేలోగానే విలువలు సిద్ధమయ్యేవి. ఫీల్డు ఉన్న ఇఫ్ (షరతు) శాఖలోకి ప్రోగ్రాం వెళ్లకపోయినా సరే. కొత్త వెర్షన్‌లో విలువలిచ్చే పని ఫీల్డును నిజంగా తాకేదాకా వాయిదా పడింది. ఫీల్డు జోలికి పోని స్టాటిక్ మెథడ్‌ను పిలిస్తే ఆ పని అసలు జరగకపోవచ్చు కూడా. నియమం మారలేదు, ఇచ్చిన వెసులుబాటును రన్‌టైమ్ మరోలా వాడుకుంది.

సమయానికి ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, అక్కడ వచ్చే లోపం మామూలు లోపం కాదు. ఉదాహరణకు కన్‌ఫిగరేషన్ (సెట్టింగుల) ఫైలు దొరక్క విలువలిచ్చే దశ విఫలమైతే 'టైప్ ఇనిషియలైజేషన్ ఎక్సెప్షన్' అనే లోపం వస్తుంది. తరువాత ఫైలును సరైన చోట పెట్టినా రన్‌టైమ్ మళ్లీ ప్రయత్నించదు. ప్రాసెస్‌ను, అంటే నడుస్తున్న ప్రోగ్రాంను, తిరిగి ప్రారంభించాల్సిందే. అసలు కారణం లోపలి ఎక్సెప్షన్‌లో దాగి ఉంటుంది.

2019లో డాట్‌నెట్ కోర్ 3.0 నుంచి అంచెలవారీ కంపైలేషన్ అప్రమేయంగా అమల్లోకి వచ్చింది. తరచూ పిలిచే మెథడ్‌ను రన్‌టైమ్ రెండోసారి కంపైల్ చేస్తుంది. అప్పటికి క్లాసు సిద్ధమైపోతే తనిఖీ అక్కరలేదు. ఏ ఖర్చు తప్పించడానికి ఫ్లాగ్ పుట్టిందో ఆ ఖర్చు అలాంటి మెథడ్‌లలో చాలావరకు తగ్గింది. ఫ్లాగ్ మాత్రం ఇప్పటికీ ఉంది.