ప్రాసెసర్ చెప్పే వేడిని ఎంతవరకు నమ్మాలి?

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మీరు పంపిన స్క్రీన్ ఫొటో చూశాను. విజయవాడలో మే నెల ఎండ, గదిలో ఏసీ లేదు, థర్మామీటరు 38 చూపిస్తోందని మీరే రాశారు. కంప్యూటరేమో తన ప్రాసెసర్ (లెక్కలన్నీ చేసే ముఖ్యమైన చిప్) వేడి 31 డిగ్రీలే అంటోంది. "మన ఫ్యాన్ అంత బాగా పనిచేస్తోందా తాతయ్యా?" అని అడిగారు. కాదు నాన్నా. ఫ్యాన్ గదిలో ఉన్న గాలినే హీట్‌సింక్ మీదికి, అంటే ప్రాసెసర్ వేడిని లాగే రెక్కల లోహపు దిమ్మ మీదికి తోస్తుంది. ఆ గాలి 38 డిగ్రీలుంటే ప్రాసెసర్ అంతకంటే కిందికి దిగడం జరగని పని. వాటర్ కూలర్ పెట్టుకున్నా అంతే, ఆ నీటిని చల్లార్చేదీ గది గాలే కదా. కాబట్టి ఆ 31 తప్పు. ఏ రీడింగ్ చూసినా ముందు గది వేడితో పోల్చి చూడండి. సగం తప్పులు అక్కడే దొరికిపోతాయి.

మీ ఫొటోలో ఆ అంకె పక్కన 'థర్మల్ జోన్' అని చిన్న అక్షరాలు ఉన్నాయి, గమనించారా? అది ప్రాసెసర్ లోపలి సెన్సర్ ఇచ్చిన లెక్క కానక్కర్లేదు. మదర్‌బోర్డు (చిప్పులన్నీ అమర్చే పెద్ద బోర్డు) తయారుచేసినవాళ్లు విండోస్‌కు అప్పజెప్పే ఒక అంకె అది. చాలా డెస్క్‌టాప్ బోర్డుల్లో అది బోర్డు మీద ఇంకెక్కడిదో అయి ఉంటుంది, కొన్నిటిలో అసలు మారని అంకె. ఆట ఆడుతున్నా, ఊరికే ఉన్నా కదలకుండా కూర్చుంటే దాన్ని పట్టించుకోకండి.

అసలు సెన్సర్ సంగతి వేరు. ప్రాసెసర్లు చేసే ఇంటెల్ కంపెనీ 2006లో తెచ్చిన 'కోర్' తరం చిప్పుల నుంచి ఒక్కో కోర్ (ప్రాసెసర్‌లో విడిగా లెక్కలు చేసే భాగం) లోపలే ఒక డిజిటల్ సెన్సర్ ఉంటోంది. విచిత్రమేమిటంటే అది "నా వేడి ఇన్ని డిగ్రీలు" అని చెప్పదు. "నా హద్దుకు ఇంకా ఇన్ని డిగ్రీలు ఉంది" అని మాత్రమే చెబుతుంది. హైదరాబాద్ నుంచి వస్తుంటే రోడ్డు పక్క రాయి మీద 'విజయవాడ 60 కి.మీ.' అని ఉంటుంది చూడండి, అలాగన్నమాట. ఎంత దూరం వచ్చామో తెలియాలంటే మొత్తం దూరం తెలిసుండాలి. ఆ హద్దు పేరు టీజే మ్యాక్స్. చాలా ఇంటెల్ చిప్పుల్లో అది 100 డిగ్రీలు. సెన్సర్ 55 అంటే, 100లోంచి 55 తీసేసి సాఫ్ట్‌వేర్ మీకు 45 చూపిస్తుంది.

ఇంటెల్ కోర్ 2 చిప్పుల రోజుల్లో డెస్క్‌టాప్ ప్రాసెసర్ల హద్దు ఎంతో సాఫ్ట్‌వేర్‌కు తెలిసే దారి లేదు. ఒక ప్రోగ్రామ్ 95 అనుకునేది, ఇంకొకటి 105 అనుకునేది. ఒకే చిప్, ఒకే క్షణం, రెండు ప్రోగ్రాముల మధ్య పది డిగ్రీల తేడా! 2008లో ఇంటెల్ తానే ఆ హద్దుల లెక్కలు బయటపెట్టింది. అదే ఏడాది వచ్చిన కోర్ ఐ7 నుంచి హద్దును చిప్‌లోనే రాసి ఉంచుతున్నారు, ప్రోగ్రాములు అక్కడి నుంచే చదువుకుంటున్నాయి.

ఇంకొక ముఖ్యమైన మాట. ఈ సెన్సర్‌ను పెట్టిందే చిప్ కాలిపోకుండా కాపాడడానికి. అందుకే అది హద్దు దగ్గర బాగా సరిగ్గా ఉంటుంది, దూరం పెరిగేకొద్దీ కొన్ని డిగ్రీలు అటూఇటూ అవుతుంది. పాత ఇంటెల్ చిప్పుల్లో కొన్నిటి సెన్సర్లు చల్లగా ఉన్నప్పుడు ఒకే అంకె దగ్గర ఇరుక్కుపోయేవి. కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడు ఒక కోర్ 41, పక్క కోర్ 46 చూపిస్తే టెన్షన్ పడకండి. పని పెంచినప్పుడు ఎంత చూపిస్తోందో అదే చూడాల్సింది.

ప్రాసెసర్లు చేసే ఇంకో కంపెనీ ఏఎండీది ఇంకో కథ. 2017లో వచ్చిన రైజెన్ 7 1700ఎక్స్, 1800ఎక్స్ చిప్పులు కావాలనే అసలు వేడికి 20 డిగ్రీలు కలిపి చెప్పేవి. అన్ని మోడళ్లలో ఫ్యాన్ నడిచే పద్ధతి ఒకేలా ఉండాలని అలా చేశారు. ఆ కలిపిన అంకెను టీ కంట్రోల్ అనీ, అసలు వేడిని టీ డై అనీ అంటారు. మీ మేనమామ దగ్గరున్న పాత మెషీన్ అదే రకం. అందులో 70 కనిపిస్తే అది టీ కంట్రోలా, టీ డైయా అని ముందు చూడమనండి.

లినక్స్‌లో సెన్సర్స్ కమాండ్ కొడితే 'ఆక్స్‌టిన్' పేరుతో 127 డిగ్రీలు కనిపించవచ్చు. బోర్డు మీద వేడి కొలిచే చిప్‌కు ఆ పిన్ను దగ్గర సెన్సరే కలపలేదని అర్థం, దాన్ని వదిలేయండి. కోర్‌టెంప్, కే10టెంప్ అన్న పేర్ల కింద వచ్చేవే ప్రాసెసర్ లోపలివి. విండోస్‌లో హెచ్‌డబ్ల్యూఇన్ఫో గానీ కోర్ టెంప్ గానీ, ఈ ప్రోగ్రాముల్లో ఏదో ఒకటి వాడండి. బయోస్‌లో (విండోస్ మొదలవకముందు తెరిచే సెట్టింగుల తెరలో) కనిపించే వేడి విండోస్‌లో ఖాళీగా ఉన్నప్పటికంటే ఎక్కువ ఉండడం మామూలే, అక్కడ కరెంటు పొదుపు చేసే ఏర్పాట్లు చాలావరకు నడవవు. వేడి కొలిచే గన్ హీట్‌సింక్ మీద పెట్టి చూద్దామని మీకు అనిపించవచ్చు. వద్దు. మెరిసే అల్యూమినియం మీద అది ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది, పైగా అది చూసేది పైనున్న లోహాన్ని, లోపలి చిప్‌ను కాదు.

ఇక మీ రెండో ప్రశ్న, ఆటలో 82 వస్తే ప్రమాదమా అని. మీ చిప్ హద్దు 100, ఇంకా 18 డిగ్రీలు చోటుంది. హద్దు తాకితే చిప్ తానే వేగం తగ్గించుకుంటుంది, అప్పటికీ ఆగకపోతే కంప్యూటర్ ఆగిపోతుంది. 2022లో వచ్చిన రైజెన్ 7000 చిప్పుల్లో కొన్నిటిని భారీ పనిలో 95 డిగ్రీల దాకా వెళ్లేలాగే తయారుచేశారు. అయితే పోయిన జనవరిలో ఇదే ఆటకు 62 వచ్చిందని రాశారు కదా, అప్పుడు గది 27. అంటే గది కంటే 35 డిగ్రీలు ఎక్కువ. ఇప్పుడు 82లోంచి 38 తీస్తే 44. ఈ తొమ్మిది డిగ్రీల పెరుగుదల ఎండ వల్ల కాదు. హీట్‌సింక్ రెక్కల మధ్య దుమ్ము పట్టి ఉండొచ్చు, ప్రాసెసర్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య పూసే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉండొచ్చు. ముందు ప్లగ్ తీసి, ఫ్యాన్ రెక్కల్ని వేలితో పట్టుకుని, బ్రష్‌తో దుమ్ము దులపండి.

తర్వాత అదే ఆట పావుగంట ఆడి, గది వేడి, ప్రాసెసర్ వేడి రెండూ రాసి పంపండి. ఆ పెరిగిన తొమ్మిది డిగ్రీలు తగ్గకపోతే పేస్ట్ ఎలా మార్చాలో వచ్చే ఉత్తరంలో రాస్తాను.

మీ తాతయ్య