ఎండుగడ్డి కలియదున్నితే పైరు పసుపుబారడం ఎందుకు?

తాతల నాటి పొలం ఏళ్ల తరబడి బీడుగా ఉండిపోతే, దానిని రసాయనాలు లేకుండా మళ్లీ సాగులోకి తెచ్చుకుంటున్న ఒక పాఠకురాలు ఇలా అడిగారు: "ఏపుగా పెరిగి ఎండిన గడ్డిని కాల్చకుండా నేలలోనే కలియదున్నించాము. అయినా పైరు నెల తిరగకముందే పసుపుబారింది. నేలలో సారం లేదా?" భూమికి దోషం పట్టిందని ఇంట్లోవారు భయపడుతున్నారట. దోషమేమీ లేదు. ఆ నేల సజీవంగా ఉంది, చాలా ఆకలిగా కూడా ఉంది.

గడ్డిని కుళ్లబెట్టే సూక్ష్మజీవుల దేహంలో సుమారు 8 పాళ్ల కర్బనానికి 1 పాలు నత్రజని ఉంటుంది. అయితే అవి తిన్న కర్బనంలో దాదాపు మూడింట రెండు వంతులు శ్వాసక్రియలో కార్బన్ డయాక్సైడ్‌గా వెలుపలికి పోతుంది; కాబట్టి 8 పాళ్లు ఒంటబట్టాలంటే 24 పాళ్లు తినాలి. అంటే వాటి ఆహారంలో ఈ నిష్పత్తి 24:1 దగ్గర ఉంటేనే లెక్క సరిపోతుంది. ఎండుగడ్డిలో అది ఇంచుమించు 80:1. ఒక టన్ను ఎండుగడ్డిలో 400 కిలోల కర్బనం ఉందనుకుంటే నత్రజని 5 కిలోలే. ఆ కర్బనమంతా జీర్ణం కావడానికి దాదాపు 17 కిలోలు కావాలి. తక్కువైన 12 కిలోలను సూక్ష్మజీవులు మొక్కకు అందే నత్రజని రూపాలైన మట్టిలోని నైట్రేట్, అమ్మోనియంల నుంచి లాగేసుకుంటాయి. మట్టి రేణువులను అంటిపెట్టుకుని కోట్ల సంఖ్యలో ఉండే ఈ జీవులతో లేతవేరు పోటీపడలేదు. మొక్క తన పాత ఆకుల్లోని నత్రజనిని కొత్త చిగుళ్లకు తరలిస్తుంది. అందుకే పసుపు కింది ఆకుల్లో మొదలవుతుంది.

పాఠశాలలో నత్రజని వలయాన్ని బాణం గుర్తులతో గీయించి వదిలేస్తారు. ఏ బాణం ఎప్పుడు ఆగుతుందో, ఎందుకు ఆగుతుందో చెప్పకపోతే ఆ బొమ్మ రైతుకు ఎందుకూ పనికిరాదు.

లాగేసుకున్న నత్రజని నష్టపోయినట్లు కాదు. సులువుగా దొరికే కర్బనం అయిపోయాక సూక్ష్మజీవుల సంఖ్య తగ్గుతుంది. వాటిని తినే ప్రోటోజోవాలు (ఏకకణ జీవులు), నులిపురుగులు తమకు మిగులైన నత్రజనిని అమ్మోనియంగా విసర్జిస్తాయి. పైగా, సూక్ష్మజీవుల దేహాల్లో ఉన్నంతకాలం అది వానకు కొట్టుకుపోదు.

కాబట్టి ఎండుగడ్డిని దున్నకుండా నేలపై ఆచ్ఛాదనగా పరిస్తే మేలు; అప్పుడు మట్టిని తాకే పలుచని పొరలోనే ఈ పోటీ జరుగుతుంది. బాగా మాగిన పశువుల ఎరువు వేస్తే ఇబ్బంది ఉండదు, ఎందుకంటే అదనపు కర్బనం కుప్పలోనే గాలిలో కలిసిపోయి ఉంటుంది. వీటికంటే నాకు ఎక్కువ నమ్మకం కలిగించేది జనుము, జీలుగ వంటి పచ్చిరొట్ట. కాండం పీచుదేలకముందే, పూత దశలో కలియదున్నితే దాని నిష్పత్తి 24కు లోపే ఉండి, నత్రజని మట్టిలోకి త్వరగా విడుదలవుతుంది. వాటి వేర్ల బుడిపెల్లోని రైజోబియం అనే బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుందని 19వ శతాబ్దం చివర్లోనే తేలింది. కలియదున్నే ముందు ఒక మొక్కను మెల్లగా పెకలించి, బుడిపెను గోటితో చీల్చి చూడండి. లోపల గులాబీ రంగు ఉంటే నత్రజని స్థాపన సాగుతున్నట్లే. ఆ రంగు బుడిపెలో ఉండే లెగ్‌హీమోగ్లోబిన్ అనే ప్రోటీన్‌ది. తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే ఆ పని జరగడం లేదు. తదుపరి పచ్చిరొట్ట విత్తనానికి రైజోబియం కల్చర్ పట్టించి విత్తడం మంచిది.