కుండ కదపకండి

నా ప్రియమైన సండే స్కూల్ పిల్లలకు, తాతయ్య దీవెనలు.

మొన్న సంక్రాంతి సెలవుల్లో మనం గోదారి లంకకి రిట్రీట్‌కి, అంటే ఏకాంతంగా ప్రార్థన చేసుకోడానికి, వెళ్లి తిరిగొస్తుంటే, పడవలో నా పక్కన కూర్చున్న పాప ఒక మాట అడిగింది. "తాతయ్యా, మన చర్చిలో ప్రార్థన చేస్తే దేవుడికి వినపడదా? లంక దాకా ఎందుకెళ్లాం?" ఇంజన్ మోతలో జవాబు చెప్పడం కుదరలేదు. నాలుగు రోజులు ఆలోచించి ఇప్పుడు రాస్తున్నాను.

వినపడుతుందమ్మా. చర్చిలో చేసినా వినపడుతుంది, మీ అమ్మ వంటింట్లో గిన్నెలు తోముతూ చేసుకున్నా వినపడుతుంది. మరి లంక ఎందుకో చెప్పాలంటే మా నానమ్మ మంచినీళ్ల కుండ దగ్గర మొదలుపెట్టాలి.

నేను పుట్టింది నరసాపురానికి బాగా ఎగువన ఒక లంక ఊళ్లో. మా చిన్నప్పుడు కుళాయిల్లేవు, గోదారి నీళ్లే తాగేవాళ్లం. చర్చి పాస్టరు అయ్యగారు కూడా నెలకోసారి పడవ మీదే వచ్చి ఆరాధన జరిపించి వెళ్లేవారు. ఆషాఢం దాటేసరికి ఎర్రనీరు దిగేది. బిందెలో చెయ్యి ముంచితే వేళ్లు కనపడేవి కావు. నానమ్మ ఆ నీళ్లు కుండలో పోసి, నీళ్లు తేర్చే ఇండుప గింజ తీసుకుని కుండ లోపలి గోడకి గరగరా అరగదీసేది. మూత పెట్టి, "తెల్లారేదాకా ఎవరూ దీని జోలికి పోకండి" అనేది. పొద్దున్నే మూత తీస్తే అడుగు కనపడేంత తేటగా ఉండేవి నీళ్లు. ఒక రాత్రి నేను దాహానికి ఆగలేక గ్లాసు అడుగుదాకా ముంచేశాను. తేరిన నీళ్లన్నీ మళ్లీ ఎర్రబడ్డాయి. నానమ్మ కొట్టలేదు. మళ్లీ మూత పెట్టి, "ఇంకో పూట ఆగాలిరా అందరం" అంది. ఆ పూట పక్కింటివాళ్ల నీళ్లు తాగాం.

గోదారి కూడా అలాంటి కుండే అనుకోండి. నాసిక్ దగ్గర త్రయంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు వస్తుంది, దారి పొడుగునా మట్టి కోసుకుంటూ. పాపికొండల ఇరుకులో పరిగెడుతున్నంతసేపూ ఆ మట్టికి కిందకి దిగే వీలుండదు. ధవళేశ్వరం దాటాక నేల చదును, ఏరు పాయలుగా చీలిపోతుంది, నడక మందగిస్తుంది. అప్పుడు ముందు బరువైన ఇసుక దిగుతుంది, ఆ తర్వాత మెత్తటి ఒండ్రు. మన వైపు వచ్చేసరికి సముద్రం పోటు ఎదురొచ్చి నీటిని నిలబెట్టేస్తుంది. ఉప్పునీరు తగలగానే సన్నటి మట్టి రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని, బరువెక్కి అడుక్కి పోతాయి. చూశారా, నానమ్మ ఇండుప గింజ చేసిన పనే సముద్రపు ఉప్పూ చేస్తుంది! అవి ఎందుకలా పట్టుకుంటాయో పై క్లాసుల్లో చదువుకుంటారు. మట్టి దిగిన చోట మేట, మేట మీద రెల్లు, రెల్లు వేళ్లలో చిక్కుకుని ఇంకాస్త మట్టి. మనం కూర్చుని అన్నం తిన్న నేల అలా పుట్టిందే.

కుండ అడుగున దిగినది చెత్త అనుకోకండి. నానమ్మ దాన్ని పారబోసేది కాదు, ఆనపపాదు మొదట్లో పోసేది. 1986 ఆగస్టు వరదకి ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చింది. ఒక క్యూసెక్కంటే సెకనుకి 28 లీటర్లు, ఇంచుమించు రెండు బిందెలు. అలాంటివి ప్రతి సెకనుకీ 35 లక్షల జతలు! నీరు తీశాక మా ఇంట్లో మోకాలి లోతు ఒండ్రు. అమ్మ గుమ్మంలో నిలబడి ఏడ్చింది. ఆ చలికాలం పెరట్లో అదే మట్టిలో వేసిన బీర పందిరి ఒరిగిపోయేంత కాసింది. కానీ ఆ వరదే మా కొబ్బరితోటలో రెండు వరసలు కోసుకుపోయింది. గట్టు పోయాక సరిహద్దు ఎక్కడో తేలలేదు. మిగిలిన మూడు చెట్ల దగ్గర నాకూ మా తమ్ముడికీ మాట పట్టింపు వచ్చింది. అప్పట్నుంచి పెళ్లిళ్లలో ఎదురుపడితే తలూపుకోవడమే.

ఇప్పుడు లంక మీద ఆ అరగంట గుర్తు తెచ్చుకోండి. అయ్యగారు అందరి ఫోన్లూ సంచిలో వేయించి, ఎవరికి వాళ్లు దూరందూరంగా కూర్చుని మాట్లాడకుండా ఉండమన్నారు కదా. మీలో కొందరు కదులుతూనే ఉన్నారు, నేను చూశాను. నాకూ మొదట చెవుల్లో ఇంజన్ మోతే. కాసేపటికి నా కాలి దగ్గర గోరంత ఎండ్రకాయ ఒకటి కనపడింది. బొరియలోంచి ఇసుక ఉండ తెచ్చి పెట్టడం, మళ్లీ లోపలికి పోవడం. అది పదో పదకొండో ఉండలు పేర్చేసరికి నా మనసులో హడావిడంతా దిగిపోయింది. అడుగున ఏముందో కనపడింది. ఆ మూడు చెట్లు, మా తమ్ముడు. నేను చర్చికి వెళ్లని ఆదివారం లేదు, అయినా ఇన్నేళ్లలో అది నాకు కనపడలేదు.

యేసు ప్రభువు కూడా, తినడానికైనా తీరిక లేనంత జనం చుట్టూ మూగినప్పుడు శిష్యుల్ని పడవెక్కించి ఏకాంతమైన చోటికి తీసుకెళ్లాడు. మార్కు సువార్త ఆరో అధ్యాయంలో ఉంది, చదవండి. వాళ్లు దిగేసరికే జనం నడిచొచ్చి అక్కడ ఉన్నారు. ఆయన విసుక్కోలేదు, జాలిపడి వాళ్లకి బోధించాడు, భోజనం పెట్టాడు. మనకీ రేవు దిగగానే మళ్లీ హోంవర్కు, ఇల్లు, పనులు. కుండ మళ్లీ కదులుతుంది. అందుకే ఏడాదికోసారైనా వెళ్లాలి.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి తమ్ముడికి ఫోన్ చేశాను. "ఆ చెట్లు ఎప్పుడో తుపానుకి పడిపోయాయి కదా అన్నయ్యా" అన్నాడు. తర్వాత ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. మొన్న ఆదివారం చర్చిలో నా పక్కన కూర్చున్నది తనే.

ఈసారి ఎర్రనీరు వచ్చినప్పుడు మీ నాన్ననో మామయ్యనో వెంటబెట్టుకుని రేవుకి వెళ్లి, ఒక గాజు సీసా నిండా నీళ్లు తెచ్చుకోండి. కిటికీలో పెట్టి ఒక రాత్రంతా ముట్టుకోకండి. పొద్దున్నే అడుగున ఎంత మందాన పేరుకుందో స్కేలు పెట్టి కొలిచి, ఆదివారం వచ్చినప్పుడు నాకు చెప్పండి. ఆ అడుగుది మాత్రం పారబోయకండి, మీ పెరట్లో ఏ పాదుకైనా పోయండి.

మీ తాతయ్య