క్రియాటిన్‌కి రంగు లేదు, మరి మెషిన్ ఏం చూస్తోంది?

గుంటూరు కొత్తపేటలో ఏ ల్యాబ్‌కెళ్ళి సీరం క్రియాటినిన్ చెయ్యమన్నా బ్లడ్ తీసుకుని సాయంత్రానికి రిపోర్ట్ చేతిలో పెడతారు, అదే క్రియాటిన్ చూడండి అంటే మాత్రం కౌంటర్లో వాళ్ళు "అదే కదండీ ఇది" అంటారు. అది కాదు. బ్రాడీపేట జిమ్ముల్లో కుర్రాళ్ళు షేకర్‌లో కలుపుకుని తాగే తెల్ల పొడి క్రియాటిన్. మన ఒంట్లో ఉండే క్రియాటిన్‌లో దాదాపు 95 శాతం కండరాల్లోనే ఉంటుంది, రోజుకి సుమారు 1.7 శాతం దానంతటదే క్రియాటినిన్‌గా మారిపోతే కిడ్నీలు దాన్ని బయటికి పంపేస్తాయి. అందుకే పొడి తాగేవాళ్ళకి కిడ్నీలు బానే ఉన్నా రిపోర్ట్‌లో నంబర్ కాస్త పెరిగి కనపడొచ్చు, టెస్ట్ ముందే డాక్టరుగారికి చెప్పేస్తే పోయేదానికి ఇంట్లో అందరూ హడలిపోతారు.

సరే, అసలు క్రియాటిన్‌ని కొలవాలంటే ఎలా? నీళ్ళలో కలిస్తే దానికి రంగూ లేదు పాడూ లేదు. కాబట్టి ల్యాబ్‌లో దాన్ని ముక్కలు చేసి, ఆ ముక్కల్లోంచి రంగు పుట్టిస్తారు. ముందు క్రియాటినేజ్ అనే ఎంజైమ్ వేస్తే క్రియాటిన్ విడిపోయి సార్కోసిన్, యూరియా అవుతుంది, సార్కోసిన్ మీద ఇంకో ఎంజైమ్ పనిచేస్తే హైడ్రోజన్ పెరాక్సైడ్ వస్తుంది, పెరాక్సిడేజ్ ఆ పెరాక్సైడ్‌ని వాడుకుని రంగులేని డైని గులాబీ రంగులోకి మారుస్తుంది. 96 గుంటల ప్లాస్టిక్ ప్లేట్‌లో ఒక వరస లేత గులాబీ నుంచి ముదురు గులాబీ దాకా తేలుతుంది, అవి తెలిసిన మోతాదులు, వాటి పక్కన మన శాంపిల్స్. 570 నానోమీటర్ల వెలుతురు ఎంత ఆగిందో మెషిన్ చదివి పోల్చి చెబుతుంది. అంటే అది చూసేది క్రియాటిన్‌ని కాదు, మూడో మెట్టు మీద పుట్టిన రంగుని.

చిక్కంతా ఇక్కడే. శాంపిల్‌లో ముందునుంచే సార్కోసిన్ ఉంటే అదీ గులాబీ అవుతుంది, విటమిన్ సి ఎక్కువుంటే పెరాక్సైడ్‌ని మింగేసి రంగు తగ్గించేస్తుంది. అందుకని అదే శాంపిల్‌ని ఇంకో గుంటలో క్రియాటినేజ్ వెయ్యకుండా పెడతారు, మిర్చి యార్డులో టిక్కీ తూకమేసి గోతాం బరువు తీసేసినట్టు ఆ రీడింగ్‌ని తీసేస్తారు. నన్నడిగితే ఆ క్రియాటినేజ్ లేని గుంట పెట్టని ల్యాబ్ నంబర్‌ని నమ్మక్కర్లేదు. (విటమిన్ సి గొడవ మాత్రం దీంతో పోదు, దానికి వేరే జాగ్రత్తలు కావాలి.)

కండరం ముక్కైతే ఇంకో తలనొప్పి. తియ్యగానే లిక్విడ్ నైట్రోజన్‌లో గడ్డకట్టించాలి, లేకపోతే అందులో ఫాస్ఫేట్‌తో అతుక్కుని ఉన్న క్రియాటిన్, అదే ఫాస్ఫోక్రియాటిన్, విడిపోతూ ఉంటుంది, మనం విడిగా ఉన్న క్రియాటినే ఎక్కువుందనుకుంటాం. ఈ ఫాస్ఫోక్రియాటిన్‌ని పట్టుకున్నవాళ్ళలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారున్నారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్‌ని నీలం రంగుతో కొలిచే పద్ధతి 1925లో ఇచ్చారు, తర్వాత కండరం రసం మీద అదే చేస్తే నీలం రావాల్సిన టైముకి రాకుండా మెల్లగా మెల్లగా వచ్చింది. శాంపిల్ చెడిందని పారబోసి మళ్ళీ మొదలెట్టొచ్చు, వాళ్ళు మాత్రం ఎందుకు లేటవుతోందని తవ్వారు. ఆ పద్ధతిలో వాడే యాసిడ్‌లో ఏదో ఒకటి విరుగుతూ కొంచెం కొంచెంగా ఫాస్ఫేట్ వదులుతోందని, అది క్రియాటిన్‌తో కలిసి ఉన్నదేనని తేలింది, 1927లో ప్రకటించారు. దాదాపు అప్పుడే ఇంగ్లండ్‌లో ఎగల్టన్ దంపతులకీ ఈ పదార్థమే దొరికింది.

ఇప్పుడు క్రియాటిన్ కొలత నిజంగా అవసరమయ్యేది ఎక్కువగా పిల్లల డాక్టర్లకి. పుట్టుకతోనే మెదడుకి క్రియాటిన్ అందని జబ్బులు కొన్నున్నాయి, మాటలు రాకపోవడం, ఫిట్స్ లాంటివి కనపడతాయి. కణాల్లోకి క్రియాటిన్ని తీసుకెళ్ళే ప్రోటీన్ పాడైన మగపిల్లల్లో యూరిన్‌లో క్రియాటినిన్‌తో పోలిస్తే క్రియాటిన్ బాగా ఎక్కువ పోతుంది, కాబట్టి అక్కడ రెండూ కొలిచి నిష్పత్తి చూస్తారు. ఒంట్లో తయారీయే దెబ్బతిన్న రకాలకైతే మందు ఆ తెల్ల పొడే, ఎంత చిన్నప్పుడు మొదలెడితే అంత మేలు.